ముందు తెప్ప కట్టాలి

అలాస్కాలోని మా ఊళ్ళో ఆర్డిస్‌ని ఎరగని పిల్లలు లేరు. ఇరవై ఏడేళ్ళు బడి బస్సు నడిపింది, ఒక్క పిల్లనీ దారిలో వదిలేసి రాలేదు. సెలవుల్లో కొండల్లో నడకకు వెళ్తే మాత్రం బస్సు బదులు గాలితెప్ప. మడిచి వీపు సంచిలో పెడితే మూడు కిలోలు ఉండదు. ఏరు అడ్డొస్తే గాలి నింపి, తెడ్డేసి దాటుతుంది. దిగగానే దాన్ని ఏ చెట్టుకో రాయికో కట్టాల్సిందే. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడదు. కట్టని తెప్పను గాలి ఎత్తుకుపోతుందని ఊళ్ళో అందరికీ నూరిపోసిందీ ఆవిడే.

ఒక ఆగస్టులో స్నేహితురాలిని కదా అని నేనూ వెంట వెళ్ళాను. నాకు తెడ్డు పట్టడం రాదు. హిమనది నీళ్ళు వచ్చే ఏరది, రెండు పాయలు. మొదటి పాయ మోకాలి లోతే, నడిచి మధ్య ఇసుకమేటకు చేరాం. రెండోది లోతు. ఆర్డిస్ ముందు సంచులు అవతల దింపి, తిరిగొచ్చి నన్ను తీసుకెళ్ళాలి.

అవతల సంచులు దింపింది. సరిగ్గా అప్పుడే గాలి రేగి, బడిపిల్లలు అల్లిచ్చిన ఆవిడ టోపీ ఎగిరింది. ఆర్డిస్ టోపీ వెనక పరిగెత్తింది. టోపీ దొరికింది. ఖాళీ తెప్ప మాత్రం గిరగిరా తిరుగుతూ నీళ్ళ మీద నుంచి కిందికి పోయింది.

“రోవీ! అక్కడే ఉండు, కదలకు!” అని అరిచింది.

“కదిలి ఎక్కడికి పోతానే! టోపీ కోసం పడవ వదిలేస్తావా, బుద్ధి లేదూ!”

ఆవిడకు ఒక మోకాలు కుంటు, అయినా తెప్ప వెంట పరిగెత్తి పొదల వెనక మాయమైంది. నాకు కోపం దిగిపోయి భయం పట్టుకుంది. ఎండ ముదిరితే మంచు కరిగి ఈ ఏరు పెరుగుతుంది. మేం నడిచి వచ్చిన పాయ అప్పటికే నడుము లోతు దాటింది. నీళ్ళ అంచున ఒక రాయి పెట్టాను. కాసేపటికి అది మునిగింది. ఇంకొకటి పెట్టాను. అదీ మునిగింది. ఆర్డిస్‌ని తిట్టినందుకు ఏడ్చాను.

నాలుగో రాయి మునిగాక, అవతలి గట్టున తెప్పను నెత్తి మీద బోర్లించుకుని ఆర్డిస్ కనబడింది! నాకు ప్రాణం లేచొచ్చింది. తెప్ప పొదల్లో చిక్కి పక్కన చినిగిందట. నీళ్ళ సీసాకి ఎప్పుడూ చుట్టి ఉంచుకునే జిగురు పట్టీ అతికించింది. ఎగువన నీళ్ళలో దిగి, ఏటవాలుగా తెడ్డేసుకుంటూ నా మేటకొచ్చింది. నేను రెండు చేతులూ చాచి ఎదురెళ్ళాను.

“ఆగవే! ముందు కట్టనీ.”

చుట్టూ చూసింది. చెట్టు లేదు, ఆగే రాయి లేదు. తెప్ప తాడు తెచ్చి నా నడుం పట్టీకి రెండు ముళ్ళేసి లాగి చూసింది. అప్పుడు నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

“నిన్ను వదిలేసి వచ్చాననుకున్నానే రోవీ...”

“వచ్చేశావుగా,” అన్నాను.

నీళ్ళు బూట్లను తాకేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. అప్పుడు ముడి విప్పి, నన్ను తెప్పలో ముందు వైపు కూర్చోబెట్టింది.