నేను కలిపి చదివిన ఉత్తరాలు

కార్గిల్ కొండల్లో యుద్ధం జరిగిన ఆ వేసవిలో, విశాఖ మొత్తమ్మీద నా అంత యుద్ధ పరిజ్ఞానం ఉన్న మనిషి లేడు. అలాగని ప్రచారం చేసుకున్నది కూడా నేనే. దీనికంతటికీ కారణం మా పక్కింటి అక్క. రేవులో చేపలు అమ్మేది. భర్త సిపాయి. ఆమెకు చదువు రాదు కాబట్టి, సరిహద్దు నుంచి ఆయన రాసే ఉత్తరాలు చదివిపెట్టే పదవి నాకు దక్కింది.

ఉత్తరం మీద స్టాంపు ఉండదు, ఊరి పేరు ఉండదు, అన్నీ అంకెలే. చూస్తేనే నా ఒళ్లు జలదరించేది. ఏ కొండ మీద ఉన్నాడో? శత్రువు కంటికి కనిపిస్తాడా? అసలు నిద్ర ఎలా పడుతుంది? ఆత్రంగా విప్పితే లోపల ఏముండేది? 'నేను క్షేమం. అయ్య వల ఎలకలు కొట్టకుండా చూడు. ఇక్కడ పప్పు బాగోలేదు.'

దేశం యావత్తూ ఊపిరి బిగబట్టి ఉంటే ఈయన పప్పు గురించి రాస్తాడా! దేశం తరఫున నాకు సిగ్గేసింది. కాస్త కలిపి చదవడం మొదలుపెట్టాను. మొదటి ఉత్తరంలో ఒక ఫిరంగి. రెండోదాంట్లో పన్నెండు. మూడోదానికి ఆయన ఒంటిచేత్తో ఒక శిఖరాన్ని పట్టేసి, మంచులో నిలబడి, "ఓ ప్రాణేశ్వరీ, నీ తలపే నాకు కవచం" అన్నాడు.

అక్క ఉత్తరం మడిచి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రేవుకు వెళ్లడం మానేసింది. మూడో రోజు ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"తమ్ముడూ, నిజం సెప్పు. మా మావ పోనాడు కదేటి?"

"అదేంటక్కా! మొన్నేగా ఉత్తరం వచ్చింది!"

"అది మా మావ రాసింది కాదు. పెళ్లయిన కాడ్నుండి నన్ను ఒసే అనే పిలిసినాడు. ప్రాణేశ్వరంట! నాను బెంగెట్టుకుంటానని ఎవుడో ఆపీసరు ఆడి పేరెట్టి రాత్తన్నాడు."

"ఆ ప్రాణేశ్వరిని నేనే కలిపానక్కా. ఫిరంగులు కూడా నావే."

చేపలు కోసే కత్తి ఎక్కడుందా అని నేను చూస్తుంటే, ఆమె ఉత్తరం నా ఒళ్లో పడేసింది. "ఏలెట్టి సదువు. ఏలు ఆగితే నోరూ ఆగాల."

వేలు పెట్టి చదివాను. 'ఒసే, నేను క్షేమం. చలికి నీ పాత చీర చింపి బూట్లలో కుక్కుకున్నాను. వెచ్చగా ఉంది.' ఈ ముక్క వీరుడికి నప్పదని మొదటిసారి ఎగరగొట్టేశాను.

మూడుసార్లు చదివించింది.

"ఒసే అన్నాడా?"

"అన్నాడక్కా."

"నా సీర సింపేసినాడా, సచ్చినోడు!" అంటూనే ఏడ్చింది, నవ్వింది. "ఏ సీరో రాసినాడేటి?"

ఎర్రదని, జరీ అంచుదని నాలిక చివరిదాకా వచ్చింది. వేలి కింద వాక్యం అయిపోయింది.

"రాయలేదక్కా."

"అయితే అడుగు. ఇప్పుడే రాయి," అని నా ఎదురుగా చతికిలబడింది.