నేను చేసిన బల్ల దగ్గరికి నేనే వెళ్లని అయిదేండ్లు

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుంచి విడుదల పొందినవాళ్ల సాక్ష్యాలు ఈ పత్రికలో చాలా చదివాను, జబ్బులు నయమైనవాళ్లవీ చదివాను, దేవునికే మహిమ! నాది అట్లాంటిది కాదు. తాగినవాని దగ్గర వాసన వస్తుంది, జబ్బు మనిషి చిక్కిపోతాడు, చూసినవాళ్లు అయ్యో అని ప్రార్థన చేస్తారు. నాకు పట్టిన రోగానికి వాసన లేదు, దానితో నేను చిక్కిపోలేదు, అందుకే అయిదేండ్లపాటు నాకోసం ఎవరూ మోకాళ్లూనలేదు, నా భార్య రత్నమ్మ తప్ప. ఇంతకుముందు సంఘంలో జరిగే తప్పుల మీద ఈ పత్రికకే నేనొక ఉత్తరం పంపాను, వేయలేదు. అది నాకు గుర్తుంది. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఇది నా మీద నేను రాసుకునే ఫిర్యాదు.

నా పేరు జకర్యా, మాది ఆళ్లగడ్డ. మిషనువారి పనిబడిలో వడ్రంగం నేర్చుకున్నాను, అక్కడే నాలుగు అక్షరాలు కూడా నేర్చుకున్నాను. మా సంఘంలో ప్రభురాత్రి భోజనం పెట్టే బల్ల నేను చేసిందే. మంచి టేకు చూసి కొని, కూలి తీసుకోకుండా, నలభై రోజులు చిత్రిక పట్టి చేశాను. ఆ సంగతి ఆ రోజు పాదిరిగారు ప్రసంగంలో చెప్పలేదు, సరే.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఒక ఆదివారం ఆ బల్ల దగ్గరే వాక్యం చదవమని నన్ను నిలబెట్టారు. రొట్టె తినబోయేముందు చదివే భాగం. వారం రోజులు ఇంట్లో చదువుకుని పోయాను గానీ అందరూ చూస్తుంటే కండ్లు అదిరి ఒక వరస దాటిపోయాను. రొట్టె తినేముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని చెప్పే వరసే అది, ఇంకేదీ కాదు! ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద అబ్రహామన్న చేయెత్తాడు.

“ఆగప్పా జకర్యా. ఒక వరస ఇడిసిపెట్టినావు. మళ్లా మొదట్నుంచి సదువు.”

అంతే అన్నాడు. కానీ వెనక ఒకడు నవ్వాడు, “బల్ల సేసినంత సులభం గాదులేప్పా సదువు” అన్నాడు. వాడు ఇప్పటికీ మూడో వరసలోనే కూర్చుంటాడు, పేరు రాయను. నేను గ్రంథం మూసి, నేను చేసిన బల్ల మీదే పెట్టి, బయటికి నడిచాను. వాకిలి దాటేవరకు ఎవరైనా పిలుస్తారని చూశాను. పిలవలేదు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, ఆ మాట మాత్రం నా మనసులోంచి కదల్లేదు. సహోదరులారా, అయిదేండ్లు నేను ఆ బల్ల దగ్గరికి పోలేదు. వేరే సంఘానికీ పోలేదు. నెలకోసారి భోజనం పెట్టే ఆదివారం నాడు గుడి వెనక గోడకు ఆనుకుని బయట కూర్చునేవాణ్ణి. లోపల పాట అయిపోవడం, కుర్చీలు జరగడం, పాదిరిగారి ప్రార్థన, అన్నీ వినపడేవి. తర్వాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పళ్లెం పెట్టినప్పుడల్లా నా బల్ల కాలు టక్కుమనేది. వానలకు కింద నాపరాయి ఒకటి కుంగిందని రత్నమ్మ చెప్పింది, అందుకు బల్ల ఊగేది. తప్పు బల్లది కాదు, రాతిది. ఒక చెక్కముక్క పెడితే అయిపోయేదానికి వాళ్లు అట్టముక్కలు మడిచి పెట్టేవాళ్లు, అవి నలిగిపోయేవి, మళ్లీ టక్కుమనేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా లేచి లోపలికి పోవాలని నా కాళ్లు లాగేవి. నేను వాటిని బిగబట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇంకా కష్టమేమిటంటే, ఆ రొట్టె కాల్చేది మా ఇంట్లోనే. శనివారం సాయంత్రం రత్నమ్మ పెనం పెడితే ఇల్లంతా ఆ వాసన. ఆకలి కాదు అది, ఏం చెప్పాలో నాకు తెలియదు, చిన్నప్పుడు తప్పిపోయి సంతలో నిలబడినప్పుడు అట్లా ఉండింది.

“ఏమయ్యా, నువ్వు సేసిన బల్లకాడికి నువ్వే రాకుంటే ఎట్లయ్యా?” అనేది రత్నమ్మ.

“పిలిస్తే వస్తా.”

“ప్రభువు పిలుస్తానే ఉండాడు గదా.”

“ప్రభువు పిలిస్తే సాలదు. అందరి ముందర నన్ను ఆపినోడు అబ్రహామన్న. ఆయనే పిలవల్ల.”

“అయితే ప్రభువుకంటే అబ్రహామన్నే నీకు పెద్దోడాయె!” అని ఆమె లోపలికి పోయి గోడవైపు తిరిగి ప్రార్థన చేసేది. “ప్రభువా, ఈ మనిషి నీ మీద అలగలేదు, మనుషుల మీద అలిగి నీకు దూరమైనాడు, నా పక్క చోటు ఖాళీగా ఉండాది, దాన్ని నువ్వే నింపు తండ్రీ!” ప్రతి నెలా అదే ప్రార్థన. అబ్రహామన్న రెండుసార్లు మా వాకిట్లోకి వచ్చిన మాట నిజమే, కానీ బాగుండావా అని అడిగాడే తప్ప తప్పయిందనలేదు, కాబట్టి అది పిలవడం కాదని నేను తీర్మానించుకున్నాను.

అట్లాంటి రోజుల్లో నంద్యాలలో నాకు పని దొరికింది. పత్తినేలలు పరీక్ష చేయడానికి వచ్చిన ఒక అమెరికా దొర, భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఒక బంగళాలో ఉండేవాడు. కుర్చీలు, పుస్తకాల బీరువా చేయాలి. మూడు రోజులు పని చేసినా ఒక్క పూట కాఫీ ఇవ్వలేదు, నిమ్మకాయ నీళ్లే. అది మనసులో పెట్టుకున్నాను. నాలుగో రోజు దొర గుమాస్తా సాలొమోను, మన విశ్వాసే, నవ్వాడు. “వాళ్లే తాగరు గదా జకర్యన్నా! మోర్మోనులంట వీళ్లు. కాఫీ లేదు, టీ లేదు. మన వేదం కాక ఇంకో గ్రంథం కూడా ఉండాదంట. ఆదివారం ఇంట్లోనే ఆరాధన సేసుకుంటారు. నన్ను రమ్మన్నారు, నువ్వూ రా.”

మోర్మోనుల బోధ వేరని, జాగ్రత్తగా ఉండాలని మా పాదిరిగారు ఒకసారి చెప్పారు. సత్యం చెబుతున్నాను, అందుకే పోయాను. ఈ సంగతి ఆళ్లగడ్డకు తెలియాలి, అబ్రహామన్న కడుపు మండాలి, అదే నా కోరిక. ఆరాధనకు పోయింది దేవుని కోసం కాదు. క్షమించండి.

ముందు గదిలో నేను చేసిన కుర్చీలే వేశారు. పాదిరి లేడు, పాదిరి తొడిగే నిలువుటంగీ లేదు. నలుగురూ పాట పాడారు, రాగం కొంచెం మన పాటలకు దగ్గరగానే ఉంది. చిన్న బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, చిన్న గ్లాసుల్లో నీళ్లు, ద్రాక్షారసం కాదు, మామూలు నీళ్లు. దొర రొట్టె విరిచి, మోకాళ్లూని, ఒక అట్ట మీద రాసుకున్న ప్రార్థన చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా దొరసాని మెల్లగా ఏదో అంది. నేను సాలొమోను వైపు చూశాను. “ఒక మాట ఇడిసినాడంట,” అని చెవిలో చెప్పాడు.

ఇంటి యజమాని, దేశాలు దాటి వచ్చిన దొర, ఆలి ముందు, బిడ్డల ముందు, కూలి వడ్రంగి ముందు! లేచి పోతాడేమో అనుకున్నాను. అతడు తల ఊపి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. రెండోసారీ తడబడ్డాడు. ఆమె మళ్లీ చెప్పింది. మూడోసారి మొదటి నుంచి చదివి ముగించాడు. ఎవరూ నవ్వలేదు, చిన్నపిల్ల కూడా.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకోలేదు. అది నా బల్ల కాదు. పక్కనున్న పిల్లకు అందించాను గానీ, అయిదేండ్ల తర్వాత రొట్టె పళ్లెం నా చేతికి తగిలింది సహోదరులారా, ఇది నాది కాదు, నాది ఆళ్లగడ్డలో ఉంది, కుంగిన రాయి మీద ఊగుతూ ఉంది అని నా లోపల ఒక ఏడుపు పొంగింది!

అయిపోయాక సాలొమోను చేత అడిగించాను. అందరి ముందు భార్య తప్పు దిద్దితే దొరగారికి సిగ్గు కాదా? దొర చెప్పినదాన్ని సాలొమోను నాకు తెలుగులో చెప్పాడు. “ఆ ప్రార్థన ఒక్క మాట పోకుండా సెప్పల్లంట అన్నా, అది వాళ్ల పద్ధతి. పోతే మళ్లా సెప్తాడంట. అది ఆయన సొంత మాట అయితే సిగ్గుపడేవాడంట. దేవుని ముందర సెప్పే మాట, సరిగ్గా సెప్పేదానికి సాయం సేసినారు గదా అంటాండాడు.”

వాళ్ల రెండో గ్రంథాన్ని నేను ఒప్పుకోను, ఆ రోజూ ఒప్పుకోలేదు. కానీ వేదంలో దారి తప్పిన బిలామును దిద్దడానికి అతని గాడిద చేత మాట్లాడించిన దేవుడు ఆ గదిలో నాతో మాట్లాడాడు. నేను దాటేసిన వరసను ఆయన అయిదేండ్లు వేలు పెట్టి పట్టుకుని ఉన్నాడు. ఆళ్లగడ్డ బస్సులో కోపం, సిగ్గు, ఆశ మూడూ నన్ను కుదిపాయి. “ప్రభువా, నేను దాటిపోయిన చోటికి నన్ను మళ్లీ తీసుకుపో, మొదటి నుంచి చదవనీ!” అని ప్రార్థన చేశాను.

తర్వాతి భోజనపు ఆదివారం అందరికంటే ముందే పోయి, నలిగిన అట్టముక్కలు తీసేసి, బల్ల కాలి కింద కొలిచి కోసిన టేకుముక్క పెట్టాను. తలుపు దగ్గర అబ్రహామన్న నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు, నేను గమనించనేలేదు.

“ఏందప్పా?”

“అన్నా, ఆ భాగం ఇయ్యాల నేను సదువుతా.”

“ఎన్నేండ్లనుంచి ఎదురుసూస్తాండానో,” అన్నాడు.

చదివాను. ఆ వరస చదివాను. కానీ ఆ తర్వాత ఇంకోచోట తడబడి మాట మింగేశాను. అబ్రహామన్న చేయెత్తలేదు, తల వంచుకుని కూర్చున్నాడు, నన్ను మళ్లీ పోగొట్టుకుంటానని భయపడినట్టున్నాడు. నేనే ఆగాను. “తప్పు సదివినా. మళ్లా మొదట్నుంచి సదువుతా,” అన్నాను. మూడో వరసలో ఎవరూ నవ్వలేదు. చదివి ముగించి రత్నమ్మ పక్క ఖాళీలో కూర్చున్నాను, రొట్టె నా చేతికి వచ్చింది, దేవునికే మహిమ, దేవునికే మహిమ!

గోడ బయట కూర్చుని వింటున్న సహోదరుడా, నిన్ను అవమానించినవాడు వచ్చి పిలుస్తాడని చూడొద్దు. నీకు జరిగింది అన్యాయమే కావచ్చు, నాకు జరిగిందీ కొంత అన్యాయమే, దాన్ని నేనిప్పటికీ కాదనను. అయినా లేచి లోపలికి రా. ప్రభువు నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. బల్ల ఇప్పుడు ఊగడం లేదు.