గురుస్వామి చెప్పులు

డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో గేటు పక్కన చివరి క్వార్టరు వరహాలమ్మది. రాయపూర్ రాజధాని కాకముందే శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చిన మనిషి. ఆవిడ నోటికి జడిసి కూరల బండివాడు కూడా తూకంలో మొగ్గు చూపిస్తాడు. వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేసిన పెనిమిటి ఏటా అయ్యప్ప మాల వేసేవాడు. ఆయన పోయాక, మాల వేసినవాళ్ళందరికీ ఆయన పేరున ఒక పూట భిక్ష పెట్టడం ఆవిడ పట్టు. ఆ ఒక్క పూట ఆయన ఇంట్లోనే తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఈ కార్తీకంలో గురుస్వామి భీమారావు ఆ భిక్ష వద్దన్నాడు. వరహాలమ్మ కూతురు రాజశ్రీ మొన్న వేసవిలో డేనియల్‌ని పెళ్ళాడింది. చర్చికి వెళ్ళే పిల్లాడు. ఇద్దరూ తల్లి దగ్గరే ఉంటున్నారు. "దీక్షలో ఉన్నవాళ్ళు ఆ ఇంట మెతుకు ముట్టకూడదు" అని భజనలో అందరి ముందూ చెప్పేశాడు.

ఆ భీమారావు నియమాలు ఇంకెవరికీ తెలియకపోయినా వరహాలమ్మ పెరట్లో బట్టలుతికే బండకు తెలుసు. మాలలో ఉండగా చెప్పులు తొడగకూడదు. ఆయన కాలనీలో ఉత్తికాళ్ళతోనే నడుస్తాడు, చెప్పులతో కనబడిన కుర్ర స్వాములకు క్లాసు పీకుతాడు. పండరీ బట్టల బజారుకు పనికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ పెరట్లోకి దూరి, బండ కింద దాచిన రబ్బరు చెప్పులు తొడుక్కుని ఆటో ఎక్కుతాడు. సాయంత్రం మళ్ళీ అక్కడే దాస్తాడు. మడమలు పగిలిన ముసలాడు కదా అని ఆవిడ ఇన్నేళ్ళూ ఊరుకుంది.

భజన మర్నాడు ఆయన బండ దగ్గర వంగేసరికి ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి స్వామీ, ఎతుకుతున్నావు?"

"అదికాదు మాతా, మడమలు..."

"నీ మడమలు నానెరగనా. మా ఇంటి మైల ఈటికి అంటనేదేటి? అన్నానికే అంటీసిందా?"

భీమారావు వీధివైపు చూసి గొంతు తగ్గించాడు. "మజాక్ కాదప్పా. మనోల్ల బిరాదరీలో మాటొత్తాది. ఒక పని సెయ్యి. ఆ పూటకి పిల్లనీ, అల్లుణ్ణీ ఎక్కడికైనా పంపీ. అందర్నీ నాను తెత్తాను."

ఊఁ అంటే చాలు, భిక్ష జరిగిపోతుంది. వరహాలమ్మ పెనిమిటి ఫొటో ఉన్న గదివైపు ఒకసారి చూసింది.

"పులుసు నా కూతురే కాత్తాది. ఆకులు నా అల్లుడే ఏత్తాడు. ఇష్టమైతే తినండి. నేదంటే మా ముగ్గురికీ ఆకలుంది."

అని, ఆ చెప్పులు పట్టుకెళ్ళి వీధి అరుగు మీద నలుగురికీ కనబడేలా పెట్టింది. అవి తనవని చెప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు. కంకర మీద ఒక్కో అడుగూ ఏరుకుంటూ ఆటో దాకా వెళ్ళాడు.

ఆ వారం భజనలో భీమారావు కళ్ళు మూసుకుని కొత్త మాట చెప్పాడు. స్వామి కలలోకి వచ్చి, ఆ తల్లి భిక్ష ఆపొద్దన్నాడట. వరహాలమ్మ విని, "స్వామికి నిద్దర్లోనే తీరిక దొరికింది కాబోలు" అని కందిపప్పు ఏరడానికి కూర్చుంది.

భిక్షనాడు గురుస్వామి మొదటి వరసలోనే కూర్చున్నాడు. డేనియల్ వేసిన ఆకులో తిన్నాడు. రాజశ్రీ పులుసు రెండోసారి పోస్తే చెయ్యి అడ్డం పెట్టలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం అరుగు కేసి చూడకుండా దిగాడు.

వెనక వస్తున్న కుర్ర స్వామి నాగబాబు ఆగాడు. "ఈ చెప్పులు ఎవరివి మాతా?"

"ఎవరో పెద్దాయనవి బాబూ. మాల తీసాక వచ్చి పట్టికెల్తాడు."