మా సత్రం కప్పు కింద

మా ముత్తాత ఉదయగిరి కోట దారిలో వస్తుంటే ఎదురొచ్చే బండ్లు పక్కకు దిగేవి. మా తాతకు తాలూకా కచేరీలో కుర్చీ వేసేవాళ్ళు. రామమందిరం వెనక ముసలివాళ్ళకు సత్రం కట్టించి, గుమ్మం పైరాతి మీద పేరు చెక్కించుకున్నది ఆయనే. మర్రిపాడు, అనంతసాగరం వైపు ఊళ్ళనుంచి కొడుకుల్లేని విధవరాండ్రు వచ్చి చేరేవాళ్ళు. వాళ్ళు అన్నం కోసం రాలేదు. ఈ కప్పు కింద పోయినవాళ్ళకు మా ఇంటి పెద్దకొడుకే కొరివి పెడతాడని తాత మందిరంలో మాట ఇచ్చాడు. ఆయన పెట్టాడు, తరువాత నాయన పెట్టాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఒక వానాకాలం సత్రం పడమటి గోడ ఉబ్బింది. ఓవర్సీరు వచ్చి దూలంలో చువ్వ గుచ్చితే చెక్క పిండిలాగా రాలింది. బాగుచేయించండి, లేకపోతే మూసేయండి అన్నాడు. బాగుచేయించే స్థితి మాకు లేదు. అది తెలిసి ఆత్మకూరు నుంచి ఒక శెట్టి వచ్చాడు.

"గోడలన్నీ నేను లేపిస్తానయ్యా. మీ నాయనగారి పేరు కింద మా నాయన పేరొకటి చెక్కిస్తే చాలు."

"మా నాయన పేరు కింద చెప్పులు విడుస్తారు శెట్టీ. మీ నాయన్ను అక్కడ పెట్టమంటావా?" అన్నాడు మా నాయన.

శెట్టి ముసలివాళ్ళను మాత్రం ఆత్మకూరులో తన సత్రానికి పంపమని చెప్పి వెళ్ళాడు.

బండ్లు కట్టిన రోజు ఒకామె సంతోషంగానే ఎక్కింది. "రాయే, శెట్టి నెయ్యి పోస్తాడంట."

"నెయ్యి పోస్తాడు సరే, కొరివి పెడతాడా?" అంది అందరికన్నా పెద్దదైన అవ్వ. ఆమె లోపలికి పోయి ఆ దూలం కిందనే కూర్చుంది.

"లే అవ్వా. మీద పడుతుంది" అన్నాడు నాయన.

"పడనీ అబ్బయా. పడితే కొరివి నువ్వే పెట్టాల గదా."

నాయన పాలేళ్ళను పిలిచాడు. ఆమె స్తంభం పట్టుకుంది. పాలేళ్ళు నాయన వైపు చూశారు.

"వేళ్ళు విడదీయండ్రా."

బండిలో కూర్చోబెట్టాక ఆమె ఏడవలేదు. "నేనాడ పోతే వస్తావా?" అని మాత్రం అడిగింది.

"మా మాట ఈ కప్పుకే."

చలికాలం రాకముందే ఆత్మకూరు నుంచి మనిషి వచ్చాడు. అవ్వ పోయిందనీ, శవాన్ని అరుగు మీద ఉంచారనీ, మీరొస్తారని చూస్తున్నారనీ చెప్పాడు. నాయన అన్నం తింటున్నాడు. "మన కప్పు కింద పోలేదు" అని, మజ్జిగ పోయమన్నాడు. పెద్దకొడుకును కాబట్టి నేను పైగుడ్డ వేసుకున్నాను. "ఏడికిరా?" అన్నాడు. కూర్చున్నాను.

శెట్టి మనుషులు కాటికాపరి చేత నిప్పు పెట్టించారని తరువాత తెలిసింది. మేము మాట తప్పామని ఊళ్ళో అన్నారు. మాట తప్పలేదు. ఆమె పోయిన కప్పు మాది కాదు.

ఆ ఎండాకాలం సత్రం విప్పించి, పనికొచ్చే దూలాలనూ తలుపులనూ ఆత్మకూరు కలప అడితికి అమ్మాము.