పటేలు ఓర్పు

ఎల్లారెడ్డి పట్నం దగ్గరి పల్లెలో రాజిరెడ్డి పటేలుకు తన ఒంటిమీద మహా శ్రద్ధ. మీసానికి ఆముదం పట్టించి, గోళ్లన్నీ చూసుకుని గానీ బయటికి రాడు. పరాయి ఇంట మంచినీళ్లు ముట్టడు. సవాయి అనే సుఖరోగాన్ని మాత్రం కామారెడ్డిలో ఏ ఇంట అంటించుకున్నాడో ఊరందరికీ తెలుసు. అయినా నడుము నొప్పి అని చెప్పి, వారం వారం బండి కట్టించుకుని అక్కడి దవాఖానాకు పోయి సుయి వేయించుకుంటాడు. ఒక వారం నర్సు లిదియా అతణ్ణి నిలదీసింది.

"పటేలా, మీ ఇంటామెకు రెండు కాన్పులల్ల సచ్చిన పిల్లలే పుట్టిరి. మళ్ల నీళ్లోసుకున్నదట గద. మీ రోగం ఆమెకు గూడ ఉంటది. ఇప్పుడే సుయి ఇస్తే కడుపుల పిల్ల బతుకుతది. తోల్కరండ్రి."

రాజిరెడ్డి దర్జాగా రెండో చెయ్యి కూడా చాపాడు. "మా ఆడోళ్లు గడప దాటరు. ఆమెది గూడ నాకే ఎయ్యి. మొగోణ్ణి, ఓర్చుకుంట."

"కాన్పు గూడ మీరే అయితరా?" అంది లిదియా. వరండాలో కూర్చున్న గర్భిణులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పటేలు విసవిసా బండెక్కాడు.

ఇంటి దగ్గర భార్య బాలలక్ష్మి, ఆరో నెల కడుపుతో, చెంబు పట్టుకుని ఎదురొచ్చింది. "నర్సమ్మను నా సంగతి అడిగిండ్రా? ఈ పిల్లన్న దక్కుతదా?"

"నీ నెత్తురే మంచిది గాదట," అన్నాడతడు, అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుతూ.

"నేనేం పాపం జేసిన్నో," అంటూ ఆమె తల వంచుకుని, ఆ కాళ్లమీద నీళ్లు పోసింది.