రాజనర్సయ్య మోటారు, దాని ముందర టాంగా

రాజ్యాలు ఎట్లా లేచాయో, ఎట్లా కూలాయో రాయడానికి చరిత్రకారులు చాలా సిరా ఖర్చుపెట్టారు. అమీర్‌పేట రాజనర్సయ్య పొద్దున మోటారు కదిలించే ముందు ఏమేం చేసేవాడో మాత్రం వాళ్లలో ఒక్కరూ ఒక్క వాక్యమైనా రాయలేదు. కోట ముట్టడికి సైతం అంత సన్నాహం జరిగి ఉండదని నా నమ్మకం. ఆ సన్నాహాన్ని రోజూ దగ్గరుండి చూసినవాణ్ణి, అందులో భాగంగా సీటుకు కట్టివేయబడినవాణ్ణి కనుక ఈ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

రాజనర్సయ్యకు ఉన్నది ఒకటే గుణం: జాగ్రత్త. మిగతావన్నీ దానికి కొమ్మలు. సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం. ఇల్లు అమీర్‌పేటలో, నూలు దుకాణం ఖైరతాబాదు స్టేషను దగ్గర. యుద్ధం ఇంకా రాని రోజులవి. ఏదో నవాబు దేవిడీలో ముసలిదైపోయిన మోటారును ఆయన కొన్నాడు. నేను పక్కింటివాణ్ణి, ఖైరతాబాదులోనే ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తాను. కాబట్టి రోజూ నన్ను ఎక్కించుకునేవాడు. ఊరికే ఎక్కించుకునేవాడు కాని, ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు.

మోటారుతో వచ్చిన సామాను మీద ఆయనకు గురి లేదు. ముందు చక్రాల ఎదుట రెండు చీపుర్లు కట్టించాడు, గుర్రపు నాడాల మేకులు రబ్బరుకు దిగకుండా. అందువల్ల అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా సడక్ రోజుకు రెండుసార్లు శుభ్రమయ్యేది. వెనక ఒక బకెట్టులో నీళ్లు, ఒక సంచిలో ఇసుక, మంటలకు. ఎక్కడ ఆపినా చక్రం కింద పెట్టడానికి ఒక టేకు దిమ్మె. వెనక వచ్చేవాళ్లు కనబడాలని ఆయన భార్య చంద్రావతమ్మ బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి కొయ్యకు బిగించాడు.

"నా మొకం నేను చూసుకోవాల్నంటె సడక్ మీదికి రావాల్నా?" అని ఆమె.

"వెనకనుంచి లారీ వచ్చి గుద్దితె నా మొకం చూసుకునుడు ఉండదు నీకు," అని ఈయన.

"పంజాగుట్టల లారీ ఏడున్నది? నువ్వు ఎన్నడన్న చూసినవా?"

"అద్దం లేకపోయె గదా, ఎట్ల కనబడ్తది?"

అన్నిటికన్నా గొప్పది నవారు. మంచాలకు అల్లే పట్టీ నవారే, సొంతంగా నేయించినది. ఎక్కినవాళ్లను అందరినీ దాంతో నడుముకు, భుజానికి కలిపి సీటుకు కట్టేసేవాడు. ఆ పైన ఉపదేశం. "తమ్మీ, దిగుడు మీద నవ్వొద్దు, నాకు సుత నవ్వొస్తది. మలుపు కాడ మాట్లాడొద్దు. తుమ్మొస్తె ముందుగాల చెప్పు."

"తుమ్ము ముందే ఎట్ల తెలుస్తదన్నా?"

"జాగ్రత్తగ ఉంటె తెలుస్తది."

ఒకసారి బంధువుల పెండ్లి. పెండ్లికొడుకును ఖైరతాబాదు స్టేషను నుంచి తెచ్చే గౌరవం మోటారుకు దక్కింది. ఆ పిల్లవాడు పట్టుబట్టలు, బాసికం, పైన అడ్డంగా నిలువుగా నవారుతో అమీర్‌పేటలో దిగేసరికి ఎదురుకోళ్లకు వచ్చిన ఆడవాళ్లు నిలబడిపోయారు. పెండ్లిపిల్ల నాయనమ్మ బుచ్చవ్వ దగ్గరికి వచ్చి తేరిపార చూసింది.

"ఏం నర్సయ్యా, పిల్లగానికి ఇష్టం లేదా ఏంది? పారిపోతుంటె పట్టి కట్టుకొచ్చినవా?"

"అవ్వా, జాగ్రత్తకు కట్టిన."

"అదే అడుగుతున్న. ఎందుకు జాగ్రత్త? ఇంతకుముందు గూడ పారిపోయిండా?"

ముడి చెమటకు తడిసి బిగుసుకుపోవడంతో అది విప్పేదాకా ముహూర్తం ఆగింది. ఆ దంపతులు తరవాత సుఖంగానే ఉన్నారు. కాని ఆ ఇంట్లో మంచం నవారు వదులైనప్పుడల్లా భర్త బిగించడానికి ఒప్పుకోడని విన్నాను.

ఇదంతా మనుషులు నవ్వుకుని ఊరుకునే సంగతి. ఊరుకోలేకపోయింది మోత గురించి. ఆయన చేతి కింద ఒక రబ్బరు బుడ్డ హారన్ ఉండేది, ఎడం పక్కన బడిలో కొట్టేలాంటి కంచు గంట, కాళ్ల దగ్గర గులకరాళ్లు పోసిన కిరసనాయిలు డబ్బా. సడక్ మీద పిట్ట కూడా లేకపోయినా ఈ మూడూ వంతులవారీగా మోగుతూనే ఉండేవి. పైగా ఆ మోటారు ఎప్పుడూ ఒకే టాంగా వెనక నడిచేది. దాన్ని తోలేది బాబూ మియా అని, ఆయనా అమీర్‌పేటవాడే. రాజనర్సయ్య ఆ టాంగాను ఎన్నడూ దాటలేదు. సైకిళ్లు దాటాయి, ఎడ్లబండ్లు దాటాయి, ఒకసారి ఒక శవయాత్ర కూడా మమ్మల్ని మర్యాదగా దాటి వెళ్లింది.

"అన్నా, నడిచిపోయెటోళ్లు నా కంటె ముందుగాల దఫ్తరుకు చేరుతున్నరు," అన్నాను.

"చేరనీ. ముందుకు పోవుట్లనే ఉంటది ప్రమాదం."

ఆ టాంగాలో ఏముండేదనుకున్నారు? ఒక నూలు బేలు. పొద్దున ఇంటినుంచి దుకాణానికి, సాయంత్రం దుకాణం నుంచి ఇంటికి. అదే బేలు. దానికి ఒక మూల ఎర్రరంగు మరక ఉండేది, అందుకని గుర్తుపట్టాను. దుకాణంలో ఉంచితే ఎలుకలంటాడు, ఇంట్లో ఉంచితే చెద అంటాడు. మోటారులోనే వేసుకోవచ్చు కదా అంటే, పెట్రోలు పక్కన నూలా అని నన్ను పైనుంచి కిందికి చూశాడు. దక్కనులో అంత తిరిగిన నూలు మరొకటి ఉండదు.

పంజాగుట్టలో బర్రెల కొట్టం పెట్టుకున్న రుద్రమ్మకు ఈ మోత సహించలేదు. ఆమె నేరుగా అమీన్ సాబ్ దగ్గరికి వెళ్లింది. అమీన్ అంటే ఆ రోజుల్లో ఠాణాకు పెద్ద.

"సాబ్, సరిగ్గ పాలు పిండేయాళ్లకు వస్తడు. డబ్బా ఊపుతడు. నా బర్రెలు పాలు చేపుతలెవ్వు. నర్సయ్య జాగ్రత్తకు నా పాలెందుకు ఆగాలె?"

అమీన్ సాబ్ మోటారును చూడటానికే వచ్చాడు. చీపుర్లు చూశాడు, ఇసుక చూశాడు, అద్దంలో మీసం చూసుకున్నాడు. గంటనూ డబ్బానూ చూసి తల ఊపాడు. "సేఠ్, ఒక మోటారుకు ఒక హారన్. గీ గంట, గీ డబ్బా తీసెయ్యి. లేకపోతె మోటారును బంద్ చేస్త. రేపు పొద్దున వచ్చి చూస్త."

ఆ సాయంత్రం రాజనర్సయ్య చక్రం కింద దిమ్మె పెట్టడం కూడా మరిచిపోయాడు. గంట తీసేస్తే పోయేదేమిటన్నాను. ఆయన అటూ ఇటూ చూసి వాకిలి తలుపు దగ్గరికి వేశాడు.

"తమ్మీ, బాబూ మియాకు కండ్లు కనబడుతలెవ్వు."

"రోజు టాంగా నడుపుతుండు గదన్నా!" అన్నాను.

"రెండు కండ్లల్ల మోతియా. పొర. వెలుగు చీకటి తప్ప ఏం తెలుస్తలేదు. డాక్టరు ఇంక ముదరాలె, ముదిరినంకనె కోస్తనంటుండు. అప్పటిదాంక బండి ఆపితె ఇల్లు ఎట్ల గడుస్తది? ఠాణాల తెలిస్తె టాంగా నడిపే లైసెన్సు బిల్లా గుంజుకుంటరు. ఒక్కసారి పోయిన బిల్లా మళ్ల ఇయ్యరు. సవారీలను ఎక్కించుకోకు మియా, నా నూలు ఒక్కటె మొయ్యి అన్న. ఊరికె తిండి పెడ్తనంటె తినే మనిషా ఆయన? గంట కొడితె ఎడమకు, హారన్ కొడితె కుడికి, డబ్బా ఊపితె ఆగాలె. గిదీ ఒప్పందం."

"షరీఫున్నీసా బీకి తెలుసా?" అన్నాను. ఆమె మియా భార్య.

"ఆమె సలహానే డబ్బా. హారనూ గంటా ఒక్క తీరుగ వినబడ్తున్నయంటె, మూడోది జర వేరే ఉండాలె అన్నది."

మర్నాడు అమీన్ సాబ్ వచ్చాడు. రాజనర్సయ్య సలాము చేసి, ఒక్కసారి మోటారు ఎట్లా నడుస్తుందో చూసి హుకుం ఇవ్వండన్నాడు. అమీన్ మంచివాడే. సరే అన్నాడు. నేను నవారు తీసి ఆయన భుజం మీద వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను గిండ్ల కూసోను. టాంగాల కూసుంట. ముందుగాల ఉంటె మోత ఎంత తక్లీఫ్ ఉన్నదో తెలుస్తది."

అమీన్ సాబ్ పోయి, బేలు పక్కన, బాబూ మియా వెనక దర్జాగా కూర్చున్నాడు.

"చలో మియా."

"జీ హుజూర్," అని బాబూ మియా, హుజూర్ ఎటు కూర్చున్నాడో తెలియక గుర్రానికే సలాము చేశాడు. ఆ సలాము తనకేననుకుని అమీన్ తప్పుపట్టలేదు.

ఆ పొద్దున రాజనర్సయ్య వాయించిన వాయింపు నేను జన్మలో మరచిపోను. గంట, హారన్, గంట, గంట. అమీర్‌పేట మలుపు తిరిగాం. ఎదురుగా వచ్చిన ఎడ్లబండిని తప్పించాం. నేను నవారులోంచి మెడ చాచి టాంగా చక్రాలనే చూస్తున్నాను, తుమ్ము వచ్చినా చెప్పకుండా మింగాను. పంజాగుట్ట దిగుడు దగ్గరికి వచ్చేసరికి సడక్ నడుమ నల్లగా ఏదో కనబడింది. రుద్రమ్మ బర్రె. పాలు ఇవ్వని ఆ బర్రె, సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు, అడ్డంగా పడుకుని నెమరు వేస్తోంది.

"అన్నా, డబ్బా!"

రాజనర్సయ్య డబ్బాను రెండు చేతులతో ఎత్తి ఊపాడు. దిగుడు మీద స్టీరింగు వదిలి పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. నేను అటు ఒరిగి ఒక చేత్తో పట్టుకున్నాను. టాంగా బర్రె కొమ్ములకు ఒక బారెడు దూరంలో నిలిచిపోయింది. మోటారు టాంగాకు ఒక జానెడు దూరంలో నిలిచిపోయింది. బర్రె లేవలేదు.

అమీన్ సాబ్ కిందికి దిగాడు. బర్రెను చూశాడు, బాబూ మియా వైపు తిరిగాడు.

"షాబాష్ మియా! వెనక గంత మోత జరుగుతుంటె తల సుత తిప్పలేదు. బర్రెను చూసి ఎంత నిదానంగ ఆపినవ్! ఈ తోవల నీ అంత చూపు, నిగాహ్ ఉన్న టాంగావాలా లేడు."

"హుజూర్ మెహర్బానీ," అన్నాడు బాబూ మియా, ఈసారి దాదాపు సరైన దిక్కుకు.

రుద్రమ్మ పరుగెత్తుకుని వచ్చింది. అమీన్ సాబ్ అక్కడే ఫైసలా చెప్పాడు. మోతకు గుర్రమే బెదరలేదు, బర్రె లేవనైనా లేవలేదు, కాబట్టి ప్రమాదం లేదు. గంటా డబ్బా ఉండవచ్చు. కాని పాలు పిండే వేళ దాటాకనే మోటారు పంజాగుట్టకు రావాలి.

"గిది ముందుగాలనె చెప్తె వినకపోతుంటినా?" అన్నాడు రాజనర్సయ్య.

"చెప్తనే ఉన్న! నీ మోతల నీకు వినబడితె గద!" అన్నది రుద్రమ్మ.

చలికాలం వచ్చేసరికి పొర ముదిరింది. డాక్టరు ఒక కన్ను కోశాడు, కొన్నాళ్లకు రెండోదీ కోశాడు. ఆ రోజుల్లో బేలు రాజనర్సయ్య ఇంట్లోనే ఉంది, చెదా పట్టలేదు, ఎలుకలూ కొట్టలేదు. టాంగా ఆగినా మియా ఇంటికి కిరాయి మాత్రం ఆగలేదు. నూలు ఇంట్లో ఉండటానికి కూడా కిరాయి ఉంటుందని రాజనర్సయ్య షరీఫున్నీసా బీని ఒప్పించాడట. మియా దళసరి కళ్లద్దాలతో తిరిగి వచ్చాక గంటా డబ్బా మోటారులోంచి దిగిపోయాయి, వెనకనుంచి లారీ ఒక్కటీ రాకపోవడంతో చంద్రావతమ్మకు అద్దం దక్కింది. చీపుర్లూ నవారూ మిగిలాయి. అవి ఎవరి కండ్ల కోసమూ పెట్టినవి కావు, అసలు జాగ్రత్త.

ఒక రోజు మోటారు మరమ్మత్తులో ఉంటే బాబూ మియా టాంగాలో దఫ్తరుకు బయలుదేరాను. ఎవరూ కట్టేయకపోవడంతో కొంచెం భయంగా ఉంది. దారిలో ఆయన్ను మెచ్చుకున్నాను, గంటకు ఎడమ, హారన్‌కు కుడి, డబ్బాకు ఆగుడు, అంత కరెక్టుగా ఎట్లా గుర్తుపెట్టుకున్నావని.

బాబూ మియా ముసిముసిగా నవ్వి, గొంతు తగ్గించాడు.

"సేఠ్‌కు చెప్పనని ఒట్టెయ్యి భాయ్."

"చెప్పను."

"ఆ మోతల ఏది ఎడమనో ఏది కుడినో నాకు ఒక్కనాడు సమజ్ కాలె. అన్నీ ఒక్కసారె మోగుతుండె. నేను లగాం వదిలి కూసుంటుంటి."

"మరి ఆ బర్రె కాడ?"

"గుర్రం ఆగింది."

"మరి ఆయనకు చెప్పకపోయినవా మియా?"

"ఎట్ల చెప్పాలె? పాపం, చెమటలు కక్కుకుంట కొడుతుండె. దిల్ నొచ్చుకుంటది గద."

నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. రాజనర్సయ్యకు ఈనాటికీ తెలియదు. అడిగితే, అమీర్‌పేట నుంచి ఖైరతాబాదు దాకా ఒక టాంగాను ఏ ప్రమాదమూ లేకుండా నడిపించింది తన గంటా, తన హారనూ, తన డబ్బానే అని చెబుతాడు. గుర్రాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. దానికి పొద్దటి దాణా ఖైరతాబాదులో, మాపటి దాణా అమీర్‌పేటలో.