ఏనుగాయన, గాడిద గుర్తు పిల్ల

షామ్‌బర్గ్‌లో మా పక్కింటి తెల్లాయన చలికాలమంతా తన వాకిలితో పాటు మా వాకిట్లో మంచు కూడా మిషన్‌తో ఎత్తిపోసేవాడు. డబ్బిస్తే పుచ్చుకోడు. కాఫీ ఇస్తే మాత్రం నిలబడి తాగి వెళ్ళేవాడు. ఆ ఏడాది కౌంటీ బోర్డుకి, అంటే మన జిల్లా పరిషత్తు లాంటిదానికి, నిలబడుతున్నానని వచ్చి నా ఓటు అడిగాడు. "యస్, యస్" అన్నాను. ఇన్నాళ్ళు మంచు ఎత్తిన మనిషికి కాదని ఎలా అంటాను?

ఆ వారమే నా స్నేహితురాలు వచ్చింది. ఆవిడ కూతురు రాష్ట్ర శాసనసభకి పోటీ చేస్తోంది.

"వదినగారూ, మా పిల్లకి మీ ఓటు వేయాలి. నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను."

"నాకు వేరే చెప్పాలా? నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల" అన్నాను.

ఆయన పార్టీది ఏనుగు గుర్తు, పిల్ల పార్టీది గాడిద గుర్తు. పదవులు వేరు కదా, ఇద్దరికీ వేసేయొచ్చనుకున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పౌరసత్వం వచ్చాక అదే మొదటి ఓటు. పార్టీ టికెట్టు ఎవరికో మన దగ్గర పెద్దలు గదిలో కూర్చుని తేలుస్తారు. ఇక్కడ దానికీ జనం చేతనే ఓటు వేయిస్తారు, ప్రైమరీ అంటే అదేనని కొడుకు చెప్పాడు. మిగతాది వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

ఓట్లు వేసే చోట బల్ల దగ్గరి ముసలావిడ, ఏ పార్టీ బ్యాలెట్ కావాలంది.

"బోత్. ఎలిఫెంట్, డాంకీ" అన్నాను.

వరసలో ఎవరో నవ్వారు. "ఓన్లీ వన్, హనీ" అందావిడ.

"అయ్యో, ఒక్క పార్టీదే ఇస్తారండీ" అని స్నేహితురాలు నా మోచెయ్యి పట్టుకుంది. "అయినా మధ్యలో ఆ ఏనుగెందుకు మీకు?"

వెనక్కి తిరిగితే వరసలో పక్కింటాయన. నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఓటు ఎవరికో మొగుడికి కూడా చెప్పక్కర్లేదని విన్నదాన్ని. ఇక్కడ పార్టీ మాత్రం అందరిలో నోటితో చెప్పాలి. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, తిరిగి ఇంటికి వెళ్ళాల్సింది స్నేహితురాలి కారులో.

"డాంకీ" అన్నాను. ముసలావిడకి వినపడలేదు. గట్టిగా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

లోపల ఆ కాగితమంతా వెతికాను. ఆయన పేరు లేదు.

వాళ్ళ పార్టీలో పిల్ల గెలిచింది, తన పార్టీలో ఆయన ఓడిపోయాడు. "నీ ఒక్క ఓటుతో ఓడిపోలేదులే అమ్మా" అన్నాడు కొడుకు.

తర్వాత మళ్ళీ మంచు పడింది. ఇక ఆయన రాడని నేనే పార తీశాను. ఇంతలో మిషన్ చప్పుడు. ఎప్పటిలాగే మా గుమ్మం దాకా, మెట్ల అంచులతో సహా ఎత్తాడు. కాఫీ కలిపి తలుపు దాకా వెళ్ళాను. మొహం చెల్లలేదు. మిషన్ ఆపి ఆయన కాసేపు గుమ్మం వైపు చూసి, వెళ్ళిపోయాడు.

పారబోయడం నాకు చేతకాదు. చల్లారాక ఆ కాఫీ నేనే తాగాను.